ఒక్క మొఖంలో ఇద్దరు మేనమామలు

పొద్దున షట్టర్ పైకి లేపగానే ప్రవళిక చేసే పని ఒకటుంది. కళ్లద్దాలు తీసి చున్నీ కొసతో తుడుస్తుంది. తుడిచాక వెంటనే పెట్టుకోదు. ఎదురుగా చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీలవైపు అట్లాగే కాసేపు చూస్తుంది. పుట్టినరోజు వాళ్లు, పెండ్లి వాళ్లు, చనిపోయిన వాళ్లు, అందరూ ఆమెకు ఒకే తీరు మసక ముద్దల్లా కనిపిస్తారు. "ఇయ్యాల గూడ అందరు మంచిగనే ఉన్నరన్నా" అని లోపల ఊడుస్తున్న షాపు యజమాని మహిపాల్‌కు చెప్పి, అప్పుడు అద్దాలు పెట్టుకుంటుంది. పెట్టుకోగానే ఒకరి మీసం, ఒకరి మెడలో గొలుసు, ఒకరి అలక వరసగా బయటపడతాయి.

కోరుట్ల బస్టాండు దగ్గరున్న ఆ షాపు పేరు రేణుకా డిజిటల్స్. ఫ్లెక్సీలు ముద్రిస్తారు, ఫొటోలకు ఫ్రేములు కడతారు. డిజైనింగ్ అంతా ప్రవళికదే. మహిపాల్ భయస్తుడు. ఫ్లెక్సీ మీద నలుగురు పెద్దమనుషులు ఉంటే నలుగురి తలలూ స్కేలుతో కొలిచి, ఎవరిదీ ఎక్కువ కాలేదని నమ్మకం కుదిరాకే మిషను మీదికి ఎక్కిస్తాడు. అయినా గొడవలు వస్తూనే ఉంటాయి. నా తల చిన్నగా పెట్టారని వచ్చేవాళ్లు తక్కువ. నన్ను వాడి పక్కన ఎందుకు పెట్టారని, ఆయన కిందికి నేనెట్లా వచ్చానని, వినాయకుడి దగ్గర పెట్టమంటే ఎలుక దగ్గర పెట్టారని వచ్చేవాళ్లే ఎక్కువ. మహిపాల్ ప్రతిసారీ స్కేలు తీసి చూపించబోతాడు. స్కేలుతో శాంతించినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు.

"మనిషికి ఎంత ఇచ్చినవన్నది ఎవ్వరు చూడరన్నా, ఏడ పెట్టినవన్నదే చూస్తరు" అంటుంది ప్రవళిక. ఆ మాట ఆమెకు షాపులో తెలిసింది కాదు. జగిత్యాల దగ్గర ఇంజనీరింగ్ చదివేటప్పుడు తెలిసింది, అదీ ఒక బర్రె వల్ల.

ఆమె తండ్రి సాయిలు కోరుట్ల పక్క ఊళ్లో తాళ్లెక్కి కల్లు గీస్తాడు. తల్లి రాధమ్మ రెండు బర్రెలను చూసుకుంటుంది. ఇంట్లో ఇంజనీరింగ్ దాకా వెళ్లింది ప్రవళిక ఒక్కతే. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు ఆమె తీసుకున్న విషయం, బొమ్మలో ముఖం ఎక్కడ దాక్కుంటుంది అన్నది.

ఏ బొమ్మనైనా అలలుగా విడగొట్టవచ్చు. అలలంటే తోచకపోతే సిరిసిల్ల చారల బట్టలను ఊహించుకోవచ్చు. ఒకదానికి వెడల్పు చారలు, ఒకదానికి సన్నవి, ఒకదానికి వెంట్రుకంత. ఇట్లాంటి పల్చటి బట్టలను వేలకొద్దీ, ఒక్కోదాన్ని ఒక్కో వాలులో, ఒకదాని మీద ఒకటి పరిస్తే నలుపు మీద నలుపు పడ్డచోట కనుబొమ్మ తేలుతుంది, తెలుపు మీద తెలుపు పడ్డచోట ముక్కు మీది మెరుపు తేలుతుంది. ప్రతి బట్టకూ రెండు సంగతులుంటాయి. చారలు ఎంత ముదురుగా ఉన్నాయన్నది ఒకటి, దాన్ని ఆంప్లిట్యూడ్ అంటారు. ప్రవళిక దాన్ని బలం అనేది. ఆ బట్టను ఎంత పక్కకు జరిపి పరిచామన్నది రెండోది, దాని పేరు ఫేజ్. ప్రవళిక దాన్ని చోటు అనేది. ఇక ప్రశ్న ఏమిటంటే, ఒక బొమ్మలోని బలాన్నీ ఇంకో బొమ్మలోని చోటునూ కలిపి కొత్త బొమ్మ చేస్తే, అందులో ఎవరు కనిపిస్తారు? సగం వీళ్లు, సగం వాళ్లు వస్తారని ఆమె అనుకుంది. రాలేదు. చోటు ఎవరిదో ముఖం వాళ్లదే వచ్చింది. బలం ఇచ్చినవాళ్లు కొంచెం గరుకుగా ఎక్కడో కలిసిపోయారు. బలం తీసేసి చోటు ఒక్కటే ఉంచితే పెన్సిలు గీతల్లాంటి ముఖం మిగిలింది, మనిషిని గుర్తుపట్టొచ్చు. చోటు తీసేసి బలం ఒక్కటే ఉంచితే వెలుగు మరక తప్ప ఏమీ లేదు.

ఇంతవరకు బాగానే ఉంది. పరీక్షించడానికి రెండు ఫొటోలు కావలసి వచ్చాయి. ఒకటి కాలేజీ వెబ్‌సైట్లో ఉన్న వాళ్ల విభాగాధిపతిది. రెండోది ఇంటి బర్రెది, ఎందుకంటే ఆమె ఫోనులో కదలకుండా ఫొటో దిగినది అదొక్కటే. బర్రె చోటు, సార్ బలం కలిపితే బర్రె వచ్చింది. సార్ చోటు, బర్రె బలం కలిపితే సార్ వచ్చారు, వారం రోజులు గడ్డం గీయనట్టు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తెర మీద చూపిస్తున్న రోజు సార్ స్వయంగా వచ్చి కూర్చున్నారు. చాలాసేపు చూసి, ఇందులో నేను ఎటున్నానమ్మా అని అడిగారు.

"సార్, రెండిట్ల మీరే ఉన్నరు" అంది ప్రవళిక. "గీ బర్రెకు బలమంతా మీదే."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండే ప్రయత్నంలో వెనక బెంచీ ఒకటి కిందపడింది. సార్ మంచి మార్కులే వేశారు గానీ, రిపోర్టులో మాత్రం చెట్టు, భవనం ఫొటోలు వాడమన్నారు. వాడింది.

చదువయ్యాక ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుందామని ఫొటో దిగడానికి రేణుకా డిజిటల్స్‌కు వచ్చింది. మహిపాల్ ఫొటో తీస్తుండగా కంప్యూటర్ మీద సగంలో ఉన్న పెండ్లి ఫ్లెక్సీ ఆమె కంట పడింది. పెండ్లికొడుకు చూపు పెండ్లికూతురిని వదిలి పక్కనున్న వంటపాత్రల దుకాణం ప్రకటన మీద ఉంది. రెండు నిమిషాలు ఆగమని చెప్పి సరిచేసింది. ఆ రెండు నిమిషాలు ఇంకా అయిపోలేదు.

ప్రవళికకు ఇద్దరు మేనమామలు. పెద్దాయన దుర్గయ్య మెట్‌పల్లిలో పసుపు వ్యాపారం చేస్తాడు. చిన్నాయన బాలరాజు సిరిసిల్లలో బట్ట మూటలు మోసే డీసీఎం వ్యాను నడుపుతాడు. ఒకప్పుడు ఇద్దరూ కలిసి దుబాయి వెళ్లి, కలిసి తిరిగొచ్చిన అన్నదమ్ములు. తర్వాత మాటలు పోయాయి. దానికి కారణం భూమి కాదు, వాటా కాదు. ఒక ఫ్లెక్సీ.

వాళ్ల తండ్రి రాజన్న సంవత్సరీకానికి మహిపాలే ఆ ఫ్లెక్సీ చేశాడు. ప్రవళిక అప్పటికి కాలేజీలో ఉంది. నడుమ రాజన్న దండతో నిలబడ్డాడు. చెరో పక్కన కొడుకులు, స్కేలు పెట్టి కొలిచినంత సమానం. పెద్దకొడుకు కుడిపక్క ఉండాలని చెప్పారు కాబట్టి మహిపాల్ అతన్ని తన కుడిపక్కకు, అంటే ఫ్లెక్సీని చూసేవాళ్ల కుడిపక్కకు పెట్టాడు. దుర్గయ్య లెక్క వేరు. కుడి అంటే తండ్రి కుడిచెయ్యి. ఆ చెయ్యి దగ్గర చూస్తే తమ్ముడున్నాడు. వెంటనే దింపమన్నాడు. బాలరాజు భోజనాల దగ్గర చేతిలో గరిటెతో ఉన్నాడు. రేపటికి ఎట్లాగూ తీసేసేదే గదా, ఇప్పుడు ఎవరెక్కుతారు అన్నాడు. అంతే. అప్పటినుంచి తోబుట్టువు ఇంటికి ఒకరొస్తే ఇంకొకరు రారు. ఇద్దరికీ నడుమ పుట్టిన రాధమ్మ ఒకే పండగ పిండివంటలను రెండుసార్లు వడ్డిస్తూ వచ్చింది.

ప్రవళికకు పెండ్లి కుదిరింది. వరుడు క్రాంతి, జగిత్యాలలో కరెంటు లైన్‌మన్. అందరూ చీరల గురించి, భోజనాల గురించి మాట్లాడుతుంటే రాధమ్మకు మాత్రం గంప గురించే దిగులు పట్టుకుంది. పెండ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామలు చెరోవైపు పట్టుకుని మండపంలోకి మోసుకొస్తారు. ఒక మేనమామ ఉన్నవాళ్లు వరసకు ఇంకొకరిని పిలుచుకుంటారు. ఇద్దరు బతికుండి, ఒక్కరే వచ్చి, రెండో పక్క ఎవరో పట్టుకుంటే ఊరంతా చూస్తుంది.

"నా తోడబుట్టినోళ్లు ఇద్దరుండంగ నా బిడ్డ గంప పరాయోడు లేపుతడా" అని రాధమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. వేరే ఏ ముచ్చటా అడగనని, ఇదొక్కటి చాలని కూతురికి చెప్పింది. ఎట్లాగైనా ఇద్దరినీ ఒక్కచోటికి తెస్తానని ప్రవళిక మాటిచ్చింది.

ఇద్దరికీ పత్రికలు అందాయి. ఇద్దరూ ముందు అడిగింది ముహూర్తం కాదు, ఫ్లెక్సీ. దుర్గయ్య షాపుకే ఫోను చేసి, మేనమామ అంటే ఫ్లెక్సీ మీద తానొక్కడే ఉండాలని, వాడు కనిపిస్తే తాను మెట్‌పల్లిలోనే ఉండిపోతానని చెప్పాడు. బాలరాజు జగిత్యాలకు మూటలు దింపి వస్తూ డీసీఎంను రోడ్డు మీదే ఆపి, కిందికి దిగకుండా కిటికీలోంచి మాట్లాడాడు.

"అన్న పక్కన నన్ను పెట్టకు కోడలా. ఈసారి ఏ పక్కకు పెట్టినా తప్పు నాదే అయితది."

ఇద్దరికీ ప్రవళిక ఒకే జవాబిచ్చింది, మేనమామ అన్నచోట నీ మొఖమే కనిపిస్తుంది మామా అని. మహిపాల్ స్కేలు బల్ల మీద పెట్టేసి, షాపు అద్దాలకు ఇంకా వారంటీ ఉందా అని అడిగాడు.

వాళ్లు పెండ్లి చేసుకుంటున్న ఫంక్షన్ హాలుకు రెండు గేట్లు. ముందు గేటు మెట్‌పల్లి రోడ్డు మీదికి, వెనక గేటు లారీలు, వ్యాన్లు ఆగే ఖాళీ జాగాలోకి. ప్రవళిక రెండు ఫ్లెక్సీలు చేసింది. ముందు గేటుకు దుర్గయ్యది, వెనక గేటుకు బాలరాజుది. అంతటితో ఆగితే ఎవరైనా చేసేదే. అయితే అట్లా చేస్తే ఏ ఫ్లెక్సీ మీదా ఇద్దరూ ఉండరు, తల్లికి ఇచ్చిన మాట సగమే నిలుస్తుంది. అందుకని పాత పెన్‌డ్రైవ్ వెతికి, కాలేజీలో రాసుకున్న ప్రోగ్రాం బయటికి తీసింది.

ఫొటోలు కూడా కలిసొచ్చాయి. ఇద్దరూ ఇచ్చినవి దుబాయి వీసా ఫొటోలే. ఒకే స్టూడియో, వెనక ఒకే నీలం గుడ్డ, ఒంటి మీద ఇద్దరూ మార్చి మార్చి తొడుక్కున్న స్టూడియోవాడి ఒకే కోటు. కళ్లు కళ్లకు సరిపోయేటట్టు రెండింటినీ ఒక కొలతకు తెచ్చి, పెద్దమామ చోటుకు చిన్నమామ బలం, చిన్నమామ చోటుకు పెద్దమామ బలం తగిలించింది. ముందు దుర్గయ్య బయటికొచ్చాడు, తర్వాత బాలరాజు. అసలు ఫొటో, కలిపిన ఫొటో పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమంటే మహిపాల్ స్కేలు పెట్టి చూసి ఓడిపోయాడు. దొరికిపోతే ఏంది కథ అన్నాడు.

"ఏం దొరుకుతరన్నా, ఎవల ముక్కు ఆడనే ఉన్నది గదా" అంది ప్రవళిక.

బర్రె బలం పెడితే సార్ ముఖం మీద గడ్డంలా కనిపించింది. ఇక్కడ దాదాపు ఏ మచ్చా కనిపించలేదు. ఆమె దాన్ని చాలాసేపు చూసి తనలో తాను నవ్వుకుంది.

పెండ్లిరోజు దుర్గయ్య ముందు గేటులోంచి వచ్చాడు. తన ముఖాన్ని చూసుకున్నాడు, చుట్టూ వెతికాడు, తమ్ముడు లేడు. మీసం దువ్వుకుని లోపలికి వెళ్లాడు. బాలరాజు వెనక గేటు దగ్గర డీసీఎం ఆపి, తన ముఖాన్ని చూసుకుని, క్లీనర్‌తో ఒక ఫొటో కూడా తీయించుకున్నాడు. రాధమ్మ ఇద్దరినీ హాలుకు రెండు మూలల్లో కూర్చోబెట్టి ఇద్దరికీ కూల్‌డ్రింకు పంపించింది. తండ్రి సాయిలు నడుమ నిలబడి ఎటూ చూడకుండా జాగ్రత్తపడ్డాడు.

కానీ అన్నదమ్ముల నమ్మకం ఒక కూల్‌డ్రింకంత సేపే ఉంటుంది. అవతలి గేటుకు ఏం కట్టారో చూడాలని ఇద్దరికీ ఒకేసారి అనిపించింది. దుర్గయ్య ఒక పక్క సందులోంచి వెనక్కి, బాలరాజు ఇంకో పక్క సందులోంచి ముందుకు వెళ్లారు. నడుమ హాలు ఉండడం వల్ల ఎదురుపడలేదు. ఒకరి ముఖం కింద ఒకరు నిలబడి చూసి, ఇద్దరూ హాల్లోకి తిరిగొచ్చి, ఒకేసారి పెండ్లికూతురి గది గుమ్మం దగ్గర తేలారు. ఒకరి వైపు ఒకరు చూడకుండా ఇద్దరూ ఆమెతోనే మాట్లాడారు. నన్ను మోసం చేస్తివి అన్నారు. తాను ఇంటికి పోతున్నానని దుర్గయ్య, బండి తీస్తున్నానని బాలరాజు చెప్పారు. రాధమ్మ గోడకు ఆనుకుంది. అప్పుడే భోజనానికి వచ్చిన మహిపాల్ చెప్పులు ఎక్కడ విడిచాడో గుర్తుచేసుకోవడం మొదలుపెట్టాడు.

పసుపు ముఖంతో పీట మీద కూర్చున్న ప్రవళిక లేవలేదు.

"సగమే తెలిసింది మీకు" అంది. "పెద్దమామా, నీ ఫ్లెక్సీల చిన్నమామ గూడ ఉన్నడు. చిన్నమామా, నీ దాంట్ల పెద్దమామ ఉన్నడు."

ఇద్దరి కాళ్లూ ఆగిపోయాయి. ఎక్కడున్నాడని దుర్గయ్య అడిగాడు. అతనికి నిజంగానే చెవి పక్కనో, కోటు జేబులోనో తమ్ముడిని దాచిపెట్టారన్న అనుమానం వచ్చింది. ప్రవళిక చారల బట్టల కథంతా చెప్పింది. బాలరాజుకు బట్టలు తెలుసు కాబట్టి తొందరగా ఎక్కింది. ఒక మూటలోని బట్టల రంగు ఇంకో మూటకు వేసి, మడత మాత్రం మార్చలేదంతేనా అన్నాడు. అంతే అంది. దుర్గయ్యకు ఎక్కలేదు. ఎక్కనందుకు కోపం పెరిగింది. అప్పుడు ప్రవళిక ఫోను తీసి, ఇద్దరి బలాలను విడివిడిగా చూపించింది. నల్లటి తెర, నడుమ తెల్లటి చుక్క, చుట్టూ వెలుగు చిమ్మినట్టు నాలుగు గీతలు. ఒకటి దుర్గయ్యది, ఒకటి బాలరాజుది.

"గీ రెండిట్ల నీది ఏదో చెప్పు మామా. మీ ఇద్దరిల ఎవలు సరిగ్గ చెప్పినా గా ఫ్లెక్సీలు నేనే పోయి చింపుత."

ఇద్దరూ జేబుల్లోంచి చదువుకునే అద్దాలు తీశారు. ఒకటే ఫోను కావడంతో తలలు దగ్గరికి వచ్చాయి. దుర్గయ్య చుక్క కొంచెం పెద్దగా ఉన్నదాన్ని ఎంచుకున్నాడు, పెద్దవాడు కాబట్టి. బాలరాజు మిగిలినదాన్ని తీసుకున్నాడు. రెండూ తప్పు. పెద్ద చుక్క బాలరాజుది.

"మా బర్రె బలం మా సార్‌కు పెడితే తెలిసిపోయింది" అంది ప్రవళిక. "మీ ఇద్దరిది మారిస్తె మీకే తెలుస్తలేదు. చోటు కోసం కొట్లాడుతున్నరు గని, లోపల ఉన్నదంత ఒక్కతీరే."

దుర్గయ్య అద్దాలు జేబులో పెట్టుకుని, తల తిప్పకుండానే పక్కకు మాట విసిరాడు.

"నా బలం పడ్డది గాబట్టే వీడు ఫ్లెక్సీల గంత మంచిగ కనవడుతున్నడు."

"నాది నీకు పడ్డది గూడ చెప్పు అన్నా" అన్నాడు బాలరాజు. "ఎన్కటి ఫొటోలల్ల గిట్ల లేవు నువ్వు."

రాధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో పక్కనున్నవాళ్లకు తెలియలేదు. ఇన్నేండ్లకు అన్నదమ్ములు ఒకరితో ఒకరు అన్న మొదటి మాటలవి. అవి కూడా తిట్లే.

ఇంతలో పెండ్లికూతురిని తీసుకురమ్మని పంతులు కేకేశాడు. గంప వచ్చింది. ప్రవళిక కొబ్బరికాయ పట్టుకుని కూర్చుంది. దుర్గయ్య వెళ్లి ఆమె కుడిచెయ్యి పక్కన వంగాడు. బాలరాజు వంగలేదు. కుడి మళ్లీ ఆయనకేనా అన్నాడు. పెద్దోడికి కాకపోతే ఎవరికి అన్నాడు దుర్గయ్య. రాధమ్మ ముఖం పాలిపోయింది. ఇన్ని అలలు కదిలించి తెచ్చిన ఇద్దరూ గంపకు చెయ్యి వేయకుండానే విడిపోయేటట్టున్నారు.

"గంప గుండ్రంగున్నది మామా, దానికి కుడి ఏడిది?" అంది గంపలోంచి ప్రవళిక. "కూసున్నదాని కుడి పెద్దమామ తీస్కో. నడిచే బాటకు కుడి చిన్నమామ తీస్కో. నడుమల్నుంచి ఒక్క సగం చుట్టు తిప్పుర్రి, సరిపోతది."

ఇద్దరూ మనసులో తిప్పి చూసుకున్నారు. దుర్గయ్య వేలితో గాలిలో గీశాడు. బాలరాజుకు రివర్సు తీసే అలవాటుంది కాబట్టి ముందు అతనే సరే అన్నాడు. గంప లేచింది. సగం దూరం వెళ్లాక కుర్చీల వరసల మధ్య ఆగి, అన్నదమ్ములు మెల్లగా సగం చుట్టు తిరిగారు. ఇప్పుడు ప్రవళిక కుడిచెయ్యి పక్కన దుర్గయ్యే ఉన్నాడు, బాటకు కుడిపక్క బాలరాజు ఉన్నాడు. ఎవరికీ లోటు లేదు. ఒక్క పెండ్లికూతురు మాత్రం వెనక్కి తిరిగి ఉంది. అడ్డుతెర పట్టబోయేసరికి క్రాంతికి ముఖం బదులు జడ కనిపించింది.

ఇదేం పద్ధతని పంతులు కోప్పడి, తిప్పమన్నాడు. ఇంకో సగం చుట్టు తిప్పి దింపారు. దింపాక బాలరాజు ఆలోచించి, అన్న మళ్లీ మొదటి చోటుకే వచ్చాడని కనిపెట్టాడు. అప్పటికే జీలకర్ర బెల్లం తల మీద ఉంది. అన్న చెవిలో ఆ మాట చెప్పాడు. దుర్గయ్య వినబడనట్టు అక్షింతలు చల్లాడు, కొన్ని తమ్ముడి మీద కూడా పడ్డాయి.

ఆ రెండో సగం చుట్టు లెక్కలోకి వస్తుందా రాదా అన్నది తేలలేదు. దాని గురించి దుర్గయ్య మెట్‌పల్లి నుంచి, బాలరాజు సిరిసిల్ల నుంచి ఫోన్లలో ఇప్పటికీ వాదించుకుంటారు. రాధమ్మ పిండివంటలు ఒక్కసారే వడ్డిస్తోంది.

ప్రవళిక, క్రాంతి జగిత్యాలలో అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఆమె రోజూ బస్సులో కోరుట్ల వచ్చి, రేణుకా డిజిటల్స్‌లోనే డిజైనింగ్ చేస్తోంది.